ఫ్ను గారికి నమస్కారం

ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్
జనవరి 2014

పూజామందిరాలు అమ్మే కేశవరావుకి,

ముక్కూ మొహం తెలియని మనిషికి ఉత్తరం రాయడం నాకిదే మొదలు. ఈ-మెయిలుకే జవాబివ్వచ్చు కదా అంటావేమో. ఆ ఈ-మెయిలు మా అబ్బాయి శశికాంత్ పెట్టిచ్చింది. అందులో ఏమొచ్చినా ముందు వాడు చూసి తర్వాత నాకు చూపిస్తాడు. నిన్ను నేను తిట్టబోయే తిట్లు వాడి కళ్ళబడటం నాకిష్టం లేదు. నీ వీడియో అడుగున కంపెనీ అడ్రసు ఉంది కాబట్టి కాగితం మీద తిడుతున్నాను.

పసుప్పచ్చ చొక్కా వేసుకుని, వెనకాల టేకు మందిరం పెట్టుకుని, చేతిలో చిన్న వైట్‌బోర్డు పట్టుకుని నిలబడ్డావు. దాని మీద ఎర్ర అక్షరాలతో "ఫ్ను గారికి నమస్కారం" అని రాసి, గంట కొట్టి మరీ మొదలుపెట్టావు. "ఫ్ను గారూ, ఇవాళ పొద్దున కాఫీ తాగుతుంటే ఎందుకో మీరే గుర్తొచ్చారండీ" అన్నావు. నేనెవరో తెలియకుండా ఎలా గుర్తొచ్చాను నాయనా? అక్కడితో ఆగావా? "ఫ్ను అనే పేరులోనే ఒక నిండుతనం ఉంది" అన్నావు.

ఎఫ్.ఎన్.యు. పేరు కాదు. ఫస్ట్ నేమ్ అన్‌నోన్. అంటే, ఈవిడ పేరేమిటో మాకు తెలియదు అని. గుంటూరులో నా పాస్‌పోర్టు ఫారం నింపిన ఏజెంటు మహానుభావుడు నా పేరు మొత్తం ఇంటిపేరు గడిలో రాసి, అసలు పేరు రాయాల్సిన గడి ఖాళీగా వదిలేశాడు. వీసా ఇచ్చినవాళ్ళు ఆ ఖాళీలో ఈ మూడక్షరాలూ కూర్చోబెట్టారు. అప్పట్నించీ గ్రీన్‌కార్డు మీదా, బ్యాంకు కార్డు మీదా, లైబ్రరీ కార్డు మీదా నేను అదే. మందుల షాపులో పిల్ల "ఫనూ! ఫనూ!" అని కేకేస్తుంది. తెనాలి ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైనదాన్ని. నా విజిలు వింటే మైదానం అవతల మేస్తున్న గేదెలు కూడా వరసలో నిలబడేవి. మా మనవడు శ్రేయాస్ మొన్న "నానమ్మా, వై ఆర్ యూ అన్‌నోన్?" అని అడిగాడు. నీ వీడియో చూశాక ఆ ప్రశ్న కూడా మానేసి "ఫ్నూ గాఊ" అని పిలుస్తున్నాడు.

తెలుగువాడివి, ఆమాత్రం తెలియదూ? నీ లిస్టులోంచి నన్ను తీసెయ్యి.

నాగమల్లేశ్వరి
(దీన్ని పేరంటారు.)


కమ్మింగ్, జార్జియా
ఫిబ్రవరి 2014

నాగమల్లేశ్వరి ఆంటీగారికి కేశవరావు నమస్కారం. ఈసారి గంట కొట్టలేదు, గమనించగలరు.

మీ ఉత్తరం మా ఓనరు సూర్యప్రకాశరావు గారు చదివి నా బల్ల మీద పడేశారు. "ఇది నువ్వే రాసుకున్నావా?" అన్నారు. ఆయన అనుమానంలో న్యాయముంది. పోయిన సంవత్సరం నేను గొంతు మార్చి, డాక్టరమ్మలా ఆయనకే ఫోన్ చేసి, పన్నెండడుగుల ఎత్తు మందిరం కావాలని ఆర్డరిచ్చాను. పాపం పెద్దమనిషి కొలతలు రాసుకుని, "సీలింగ్ ఎంత ఎత్తండీ మేడమ్?" అని అడిగారు. ఆ గాయం ఆయనకింకా మానలేదు. కవరు మీద మిషిగన్ ముద్ర చూపించాక నమ్మారు. "తిడుతూ రాసింది కదయ్యా" అన్నారు. "రాసింది కదండీ, మిగతా మిషిగన్ మొత్తం కిక్కురుమనలేదు" అన్నాను.

ఇంక ఫ్ను సంగతి. నేను ఇంటర్ రెండుసార్లు తప్పి, మూడోసారి పరీక్ష హాలు వాళ్ళని ఇబ్బంది పెట్టడమెందుకని మానేసినవాణ్ణి. లిస్టులో మొదట ఒక ఫ్ను సుబ్బాయమ్మ గారు తగిలారు. తర్వాత ఫ్ను వీరభద్రం గారు. తర్వాత మీరు. ఆడామగా తేడా లేకుండా పెట్టుకుంటున్నారంటే ఇదెవరో అవధూత పేరై ఉంటుంది, గోదావరి జిల్లాల్లో ఎక్కడో సమాధి ఉండి ఉంటుంది, వీళ్ళంతా ఆయన భక్తులు, మందిరాలు తప్పకుండా కొంటారు అని సంబరపడ్డాను. మీరు చెప్పాక వసంతలక్ష్మికి చెప్పాను. మా ఆవిడ నవ్వి నవ్వి పొయ్యి మీద పాలు పొంగించింది.

ఇది మా ఓనరు గారు ఏదో సెమినార్‌లో నేర్చుకొచ్చిన విద్యండీ. ప్రాస్పెక్ట్ అంటే ఇంకా కొననివాడు, కొంటాడేమోనని మనం చకోరపక్షిలా చూసేవాడు. అందరికీ కలిపి ఒకే ప్రకటన పంపితే ఎవడూ చూడడట. ఒక్కొక్కరికీ విడిగా వీడియో తియ్యాలి. బోర్డు మీద పేరు రాయాలి, నోరు తెరవకముందే నవ్వాలి, నోరు తెరవగానే పేరు పలకాలి. తన పేరు వినబడితే మనిషి మెత్తబడతాడట. పేరు మార్చి కాఫీ మాత్రం అందరికీ అదే పోశాను, అది నా తప్పు.

ఇంకో ముక్క. మీరు వీడియో తెరిచిన ప్రతిసారీ నా కంప్యూటర్‌కి కబురొస్తుంది. లిస్టులోంచి తీసెయ్యమన్న మనిషి అదే వీడియో అన్నిసార్లు చూడటమేమిటండీ? నిన్న కూడా చూశారు.

తియ్యమంటే తీసేస్తాను. కాకపోతే నా గోడు కూడా వినండి. ఈ పనికి ముందు మా ఆవిడ అన్నగారు, పరంధామయ్య బావగారి గ్యాస్ స్టేషన్‌లో కౌంటర్ దగ్గర నిలబడేవాణ్ణి. కేశవ అంటే గిరాకీకి నోరు తిరగదని చొక్కాకి "కెవిన్" అని బ్యాడ్జి తగిలించారు. ఏళ్ళ తరబడి కెవిన్‌నై సిగరెట్లూ లాటరీ టికెట్లూ అమ్మాను. ఇక్కడ కెమెరా ముందు నిలబడి "నేను కేశవరావునండీ" అని మొదలుపెడతాను. నాకీ ఉద్యోగంలో నచ్చింది ఆ ఒక్క వాక్యమే. దీపావళిలోపు మిషిగన్‌లో ఒక్క మందిరమైనా అమ్మకపోతే ఇంటికి పొమ్మన్నారు ఓనరు గారు. ఇంటికి అంటే కౌంటర్‌కి అని. బావగారు ఆ బ్యాడ్జిని పారెయ్యలేదు, సొరుగులో భద్రంగా ఉంచారు.

మీరొక్కరే పలికారు. తిట్టినా పలికారు.

భవదీయుడు
కేశవరావు


ఫార్మింగ్టన్ హిల్స్
మార్చి 2014

కేశవరావుకి,

నన్ను ఆంటీ అన్నావంటే నిన్ను అంకుల్ అంటాను. జుట్టుకి రంగేసిన సంగతి చెవుల దగ్గర తెలిసిపోతోంది.

కబురొస్తుందా? ఒకరింట్లో ఒకరు ఎన్నిసార్లు ఏం చూశారో లెక్కపెట్టుకోవడానికి సిగ్గులేదూ? సరే, దొరికిపోయాను కాబట్టి చెబుతాను. ఈ ఇంట్లో నేను అమ్మని, అత్తయ్యని, నానమ్మని. గుమ్మం దాటితే ఫనూని. ఈ దేశానికొచ్చాక నా మొహంలోకి చూస్తూ, "గారూ" అని పిలిచి, నాతోనే నిమిషంసేపు మాట్లాడినవాడివి నువ్వే. మొదటిసారి ఒళ్ళు మండింది. తర్వాత ఒక ఉపాయం కనిపెట్టాను. నువ్వు "ఫ్ను" అనే సమయానికి సరిగ్గా మా పూజ గంట కొడతాను. ఆ మాట మునిగిపోయి "గారూ" ఒక్కటే వినబడుతుంది. అందుకు చూశాను. నవ్వావంటే ఊరుకోను.

మందిరం అక్కర్లేక కాదు. మా దేవుళ్ళు సామాన్లు పెట్టే ప్యాంట్రీలో, పొద్దున పాలలో వేసుకునే సీరియల్ డబ్బాల పక్కన ఉన్నారు. వెంకటేశ్వరస్వామి కళ్ళెదురుగా వేరుశెనగ బటర్ సీసా. శ్రేయాస్ పొద్దున్నే తలుపు తీసి దణ్ణం పెడతాడు, అది స్వామికో సీరియల్‌కో వాడికే తెలియాలి. నా పెన్షన్ డబ్బులతో ఒక మందిరం కొనుక్కోవాలనే ఉంది. కాని నా బ్యాంకు కార్డుతో కొంటే బిల్లు మీద ఫ్ను అని పడుతుంది. దేవుడి పీట ఆ పేరుతో కొనను. నా పేరు నాకొచ్చాక కొంటాను.

వచ్చేలానే ఉంది, అదే బెంగ. వచ్చే నెల సిటిజన్‌షిప్‌కి అప్లై చేస్తున్నాం. ఆ ఫారంలోనే పేరు మార్పు కూడా కోరుకోవచ్చట. జడ్జిగారి ముందు ప్రమాణం చేసిన రోజున కొత్త పేరు చేతికొస్తుందట. శశికాంత్ ఏమన్నాడో తెలుసా? "అమ్మా, అంత పొడుగు పేరు ఏ గడిలోనూ పట్టదు. మల్లి అని పెడదాం. ఇక్కడి ఆడవాళ్ళు పెట్టుకునే మాలీ అనే పేరులా వినబడుతుంది, ఎవరికీ ట్రబుల్ ఉండదు." స్మృతి, అంటే మా కోడలు, "క్యూట్‌గా ఉంది అత్తయ్యా" అంది. వాడప్పుడే పెన్సిల్‌తో ఫారంలో రాసేశాడు కూడా.

హైస్కూలు మొత్తాన్ని గడగడలాడించినదాన్ని, కన్నకొడుకు ముందు వద్దు అనడానికి నోరు పెగలడం లేదు. నన్ను తెచ్చుకోవడానికి లాయర్ల చుట్టూ, వచ్చాక డాక్టర్ల చుట్టూ తిరిగినవాడు. ఒక పేరు కోసం వాడి మనసు కష్టపెట్టడమా అనిపిస్తుంది. మళ్ళీ, ఒక పేరేనా అనిపిస్తుంది. కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, లేస్తే నిలవబుద్ధి కాదు.

నీకెందుకు రాశానో ఇదంతా. మందిరం అమ్మేవాడికి.

నాగమల్లేశ్వరి


కమ్మింగ్
మార్చి 2014

నాగమల్లేశ్వరి గారికి,

మాలీయా! చీరాలలో మా మున్సిపల్ పార్కులో గొట్టం పట్టుకుని తిరిగేవాణ్ణి మాలీ అనేవాళ్ళమండీ. మొక్కల కంటే మమ్మల్నే ఎక్కువ తడిపేవాడు.

నవ్వుతాలు పక్కనపెట్టి కెవిన్ మాట చెబుతాను. ఒక ఆదివారం నేనూ వసంతలక్ష్మీ కూరగాయలకి వెళ్ళాం. వెనకనించి ఎవరో "కెవిన్!" అని అరిచారు. నేను గిరుక్కున తిరిగాను. చూస్తే, తోపుడుబండిలోంచి దూకుతున్న పసివాణ్ణి వాళ్ళమ్మ పిలుస్తోంది. వసంతలక్ష్మి చేతిలో వంకాయ అలాగే పట్టుకుని, "పిలిచింది ఎవర్ని, తిరిగింది ఎవరండీ?" అంది. ఆ వంకాయ కూర నాకు గొంతు దిగలేదు. ఇలాంటి పేర్లు ముందు చొక్కాకే ఉంటాయమ్మా. నాలుగు రోజులకి చొక్కా దాటి లోపలికొస్తాయి. అందుకే ఆ సూర్యప్రకాశరావు గారు ఎన్ని మాటలన్నా పడి ఇక్కడ ఉంటున్నాను.

మీరు మీ అబ్బాయికి చెప్పలేరు. నేను ఫోన్ చేసి చెబితే ఎవడ్రా నువ్వు అంటారు. ఇద్దరికీ చేతకాని పనిని చక్కబెట్టేది నా దగ్గర ఒకటుంది. దానికి బోర్డు, గంట, కొద్దిగా టేకు చెక్క కావాలి. ఇందులో నా స్వార్థం లేదని బొంకను. మీకు పేరొస్తే నాకు ఆర్డరొస్తుంది.

మీ ఈ-మెయిలు ముందు మీ అబ్బాయే చూస్తారన్నారు కదూ? మంచిది. చాలా మంచిది. ఇంతకంటే ఇప్పుడేమీ రాయను.

కేశవరావు


ఫార్మింగ్టన్ హిల్స్
ఏప్రిల్ 2014

కేశవరావుకి,

వచ్చింది నీ వీడియో. నలుగురం డైనింగ్ టేబుల్ దగ్గర ఉండగా శశికాంత్ తెరిచాడు. బోర్డు మీద "మాలీ గారి అబ్బాయికి నమస్కారం" అని చూడగానే నేను గరిటె కింద పెట్టేశాను.

పంచె ఎగ్గట్టి, గడ్డి టోపీ పెట్టి, చెత్త ఎత్తే పార భుజాన వేసుకుని నిలబడ్డావు. "శశికాంత్ గారూ, నేను కేశవరావునండీ. మీ ఇంట్లో మాలీ గారున్నారని తెలిసింది. లాన్ కోస్తారాండీ? గులాబీలకి అంట్లు కడతారా?" అన్నావు. శ్రేయాస్ కుర్చీలోంచి జారి పడేంత నవ్వాడు. స్మృతి నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను. అప్పుడు టోపీ తీసి పక్కన పెట్టి, నా పేరు చెక్కిన టేకు పలక ఒకటి బల్ల మీద పెట్టావు. రంపం తీసి "నాగ" కోసేశావు. అది కింద పడిన చప్పుడు వినబడింది. తర్వాత "శ్వరి" కోసేశావు. మధ్యన మిగిలిన చిన్న ముక్కని వేళ్ళతో పట్టుకుని కెమెరా దగ్గరగా పెట్టి, "చూశారాండీ, గడిలో పట్టింది" అన్నావు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

శశికాంత్ లాప్‌టాప్ మూసి లేచాడు. "ఇంటి సంగతులు సేల్స్‌వాడికి చెప్పుకున్నావా అమ్మా?" అన్నాడు. ఏం చెప్పను? చెప్పుకున్నాను. కాని, నా కొడుకుని వాడి కొడుకు ముందు నవ్వులపాలు చెయ్యమని నేను నిన్ను అడిగానా? నీకు మనుషుల ఇళ్ళంటే నాటకాల స్టేజీల్లా కనిపిస్తాయి. ఆడి వెళ్ళిపోతావు. కుర్చీలు సర్దుకోవాల్సింది మేము.

మూడు రోజులు వాడు నాతో ముక్తసరిగా ఉన్నాడు. నాలుగో రోజు కొత్త ఫారం ప్రింట్ తీసి నా ముందు పెట్టాడు. పెన్సిల్ కాదు, పెన్ను ఇచ్చాడు. "నువ్వే రాయమ్మా. గడులు చాలకపోతే పక్కన రాయి" అన్నాడు. మొదటి పేరు నాగమల్లేశ్వరి. ఇంటిపేరు వేమూరి, వాళ్ళ నాన్నగారిది. నేను రాస్తుంటే వాడు కాగితం జరగకుండా పట్టుకున్నాడు.

అయినా నీ మీద కోపం పోలేదు. మీ కంపెనీకి వాడు ఫోన్ చేసినట్టున్నాడు, ఏమన్నాడో నేనడగలేదు. కొన్నాళ్ళు నాకు రాయకు.

నాగమల్లేశ్వరి


కమ్మింగ్
జూన్ 2014

నాగమల్లేశ్వరి గారికి,

రాయవద్దన్నారు. కొన్నాళ్ళు అయ్యాయనుకుని రాస్తున్నాను. మీ అబ్బాయి గారి మనసు నొప్పించాను, తప్పే. ఆయన కాగితం పట్టుకున్నారని రాశారే, ఆ వాక్యం వసంతలక్ష్మికి చదివి వినిపించాను. "ఇంక మీరు నోరు మూసుకోండి" అంది. మూసుకున్నాను.

ఇకనించి కంపెనీ అడ్రసుకి రాయకండి. ఇంటి అడ్రసు వెనకాల రాశాను. కారణం పెద్దదేం కాదు, ఆఫీసుకి రంగులేస్తున్నారు. ఉత్తరాలు తారుమారవుతాయి.

ఇక్కడ ఎండలు బాగా ఉన్నాయి. సాయంత్రానికి కాళ్ళు లాగుతున్నాయి. మందిరం గురించి తొందరేం లేదు. మీకు పేరొచ్చాకే చూసుకోండి. అసలు కొనకపోయినా నేనేమీ అనుకోను.

శ్రేయాస్‌కి ఆశీస్సులు.

కేశవరావు


ఫార్మింగ్టన్ హిల్స్
ఆగస్టు 2014

కేశవరావుకి,

ఆఫీసుకి రంగులేస్తున్నారన్నావు. ఏ రంగు?

ఎందుకడుగుతున్నానంటే, నిన్న మీ కంపెనీనించి ఇంకో వీడియో వచ్చింది. గోడలు పాత రంగులోనే ఉన్నాయి. నీ మందిరం, నీ గంట, నీ బోర్డు. మనిషి మాత్రం నువ్వు కాదు. నీలం కోటేసుకున్న కుర్రాడు. "హాయ్ ఫ్నూ! దిస్ ఈజ్ సాత్విక్!" అన్నాడు. గారు లేదు, కాఫీ లేదు. గంట కూడా కొట్టలేదు, వేలితో ఊరికే తాకాడు.

నీ జూన్ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. అమ్మేవాడు తొందరేం లేదు అన్నాడంటే వాడి దగ్గర అమ్మడానికి ఏమీ లేదన్నమాట. బల్ల దగ్గర కూర్చునే మనిషికి కాళ్ళెందుకు లాగుతాయి? నేను డ్రిల్లు టీచర్ని, ఎవరి కాళ్ళు ఎందుకు లాగుతాయో నాకు చెప్పకు.

శశికాంత్‌ని అడిగాను. "మాకు ఇంకెప్పుడూ వీడియోలు పంపొద్దని ఆ కేశవరావుకి చెప్పమన్నానమ్మా, అంతే. ఉద్యోగంలోంచి తియ్యమని నేనెందుకంటాను?" అన్నాడు. ఆ తర్వాత అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

నా ఇంటర్వ్యూ అయింది. పాసయ్యాను. ఆఫీసరు నా పేరు చదవబోయి గట్టిగా ఊపిరి పీల్చుకుని, ఎందుకొచ్చిన గొడవని "మేడమ్" అన్నాడు. ప్రమాణానికి కబురు రావాలి.

ఒక్కటే ప్రశ్న. వంకరటింకరగా కాకుండా జవాబు రాయి. నీ చొక్కాకి ఏముంది?

నాగమల్లేశ్వరి


కమ్మింగ్
సెప్టెంబరు 2014

నాగమల్లేశ్వరి గారికి,

కెవిన్ ఉంది.

శశికాంత్ గారి తప్పేం లేదు, ఆయన్ని అన్నం తినమనండి. సూర్యప్రకాశరావు గారు ఆ వీడియో చూసి ముందు నవ్వారు. నా కళ్ళతో చూశాను. నవ్వడం అయ్యాకే ఓనరు అనే సంగతి గుర్తొచ్చి, "కంపెనీ టేకు, కంపెనీ రంపం, పైగా గిరాకీ ఇంట్లో తగువు" అని పంపేశారు. న్యాయమే. పన్నెండడుగుల మందిరం బాకీ కూడా అందులోనే తీర్చుకున్నట్టున్నారు.

బావగారు ఏమీ అనలేదు. సొరుగు లాగి బ్యాడ్జి తీసి, చొక్కా అంచుతో తుడిచి ఇచ్చారు. ఏమైనా అని ఉంటే బాగుండేది. నేనూ ఇక్కడ ఒక్క వేళాకోళమూ ఆడలేదు ఇన్నాళ్ళనించీ. గొంతు మార్చడం ఎందుకు, పేరే మారాక?

మీ ప్రమాణం రోజున గట్టిగా పలకండి.

కేశవరావు


ఫార్మింగ్టన్ హిల్స్
అక్టోబరు 2014

కేశవరావుకి,

అయింది. డిట్రాయిట్‌లో, కోర్టు హాల్లో. ఎన్నెన్ని దేశాలవాళ్ళో ఉన్నారు. ఒక గుమాస్తా ఆవిడ ఒక్కొక్కరి పేరూ చదువుతుంటే లేచి నిలబడాలి. నా వరసొచ్చింది. "నా... గా... మా..." అని ఆగింది. హాలు హాలంతా ఆగింది. సంచీలో విజిలు తడుముకున్నాను, స్మృతి నా చెయ్యి పట్టుకుంది. లేచి నిలబడి, స్కూల్లో అటెండెన్సు పిలిచే గొంతుతో "నాగమల్లేశ్వరి వేమూరి!" అన్నాను. అటువైపు గోడకి తగిలి తిరిగొచ్చింది. ఆవిడ నవ్వి, నిదానంగా, ముక్క పోకుండా మళ్ళీ పలికింది. వెనక వరసలోంచి శశికాంత్ మెల్లగా "ప్రెజెంట్ మేడమ్" అన్నాడు. ప్రమాణం చెయ్యడానికి చెయ్యెత్తమంటే, నేను ముందు కళ్ళు తుడుచుకోవాల్సొచ్చింది.

ఇప్పుడు అసలు పని. నీ విద్య నేను నేర్చుకున్నాను. ఒక వీడియో తీయించాను. తీసింది శశికాంత్. శ్రేయాస్ బోర్డు మీద తెలుగులో రాయలేక, నేను చుక్కలు పెడితే కలిపాడు: "సూర్యప్రకాశరావు గారికి నమస్కారం." గంట బదులు విజిలు ఊదాను. నోరు తెరవకముందే నవ్వమన్నావు కదా, అది మాత్రం చేతకాలేదు. "సూర్యప్రకాశరావు గారూ, నేను నాగమల్లేశ్వరి వేమూరినండీ. ఇవాళ పొద్దున కాఫీ తాగుతుంటే మీరే గుర్తొచ్చారు. నాకు టేకు మందిరం కావాలి. కేశవరావు అమ్మితే కొంటాను. ఆ హాయ్ కుర్రాడు అమ్మితే కొనను. మా చుట్టుపక్కల దేవుళ్ళని ప్యాంట్రీల్లో పెట్టుకున్న ఇళ్ళు చాలా ఉన్నాయి, వాళ్ళందరూ నా మాట వింటారు. ఉద్యోగం తీసేశారు సరే, మీరు పెట్టిన దీపావళి గడువు ఇంకా దాటలేదు" అని చెప్పాను.

పంపించాను. చూశాడో లేదో నాకు తెలియదు. కబురొచ్చే మిషను వాళ్ళ దగ్గరే ఉందిగా.

నాగమల్లేశ్వరి వేమూరి


కమ్మింగ్
నవంబరు 2014

నాగమల్లేశ్వరి వేమూరి గారికి,

ఫోన్‌లో మీ వైపు జరిగింది మీకు తెలుసు. నా వైపు ఏం జరిగిందో రాస్తాను.

దీపావళికి రెండు రోజుల ముందు మధ్యాహ్నం, కౌంటర్ దగ్గర నలుగురైదుగురు గిరాకీ ఉండగా సూర్యప్రకాశరావు గారు తలుపు తోసుకుని వచ్చారు. ఫోన్ నా మొహం మీద పెట్టి, "ఎవరయ్యా ఈ పెద్దావిడ? ఎక్కడ పట్టావు? మాటలు నీవే, కాఫీ నీదే!" అన్నారు. ఆ ఫోన్‌లో మీరు. మొదటిసారి మిమ్మల్ని చూశానండీ. ఊదారంగు స్వెటరు, చేతిలో విజిలు. నేను నిజంగానే తెల్లబోయాను. నేను తెల్లబోయినా నటన అనుకున్నారాయన. జన్మంతా వేళాకోళాలాడినందుకు ఫలితం అనుభవించాను. మా అమ్మ మీద ఒట్టేశాను. నమ్మలేదు. మా ఆవిడ మీద వేశాను. "ఆవిడకి తెలుసా?" అన్నారు.

"మీరే ఫోన్ చేసి చూడండి, స్పీకర్ పెట్టండి. నేను నోరు మూసుకుంటాను" అన్నాను. నా నోటికి అడ్డంగా తన చేతిరుమాలు పెట్టి మరీ వీడియో అడుగున మీరిచ్చిన నంబరు నొక్కారు. లైన్లో ఉన్న అమెరికావాళ్ళు సిగరెట్ల సంగతి మర్చిపోయి చూస్తున్నారు.

మీరు ఎత్తారు. "ఎవరండీ మాట్లాడేది?" అన్నారాయన. "నాగమల్లేశ్వరి వేమూరి" అన్నారు మీరు. స్టేషనంతా వినబడింది. ఆయన తడబడి, "అమ్మా, మీరు నిజంగా ఉన్నారా?" అన్నారు. మీరన్నారు చూడండి, "ఇదివరకూ ఉన్నాను, ఇప్పుడు కాగితాల మీద కూడా ఉన్నాను" అని, తర్వాత విజిలు! రుమాలు ఆయన చేతిలోంచి జారిపోయింది. బావగారు లోపల లెక్కచూసుకుంటున్నవారల్లా లేచి నిలబడ్డారు.

ఆయన ఆర్డరు అక్కడే, లాటరీ టికెట్ల పక్కన కాగితం పెట్టి రాసుకున్నారు. అమ్మినవారి పేరు దగ్గర ఆగి, "రంపం ముట్టుకోనని మాటిస్తావా?" అన్నారు. ఇచ్చాను. వెనకాల నిలబడ్డ ముసలాయన "కెవిన్, ఆర్ యూ ఓకే?" అని అడిగాడు. నాకు ఒక్క క్షణం ఎవర్ని అడుగుతున్నాడో తెలియలేదు. అప్పుడనిపించిందండీ, అది ఇంకా చొక్కా దగ్గరే ఉందని.

బ్యాడ్జి తీశాను. బావగారు చెయ్యి చాపారు, సొరుగులో దాచడానికి. ఇవ్వలేదు.

మీ మందిరం నిన్న పంపించాం. బిల్లు కవరులో ఉంది, పైగడీ కిందగడీ రెండూ నిండుగా ఉన్నాయి, నేనే దగ్గరుండి కొట్టించాను. అడుగున కర్పూరం పెట్టుకునే చిన్న సొరుగుంటుంది. అందులో దూదిలో చుట్టి కెవిన్‌ని పడుకోబెట్టాను. దయచేసి బయటికి రానివ్వకండి.

కేశవరావు


ఫార్మింగ్టన్ హిల్స్
డిసెంబరు 2014

కేశవరావుకి,

మందిరం వచ్చింది. శశికాంత్ మోకాళ్ళ మీద కూర్చుని బిగించాడు. స్వామికి ఇప్పుడు ఎదురుగా కిటికీ, కిటికీ అవతల మంచు. శ్రేయాస్ ప్యాంట్రీ తలుపు తీసి ఖాళీ అరకి దణ్ణం పెట్టి, నాలుక కరుచుకుని ఇటు పరిగెత్తుకొచ్చాడు.

సొరుగు తీశాను. నీ కెవిన్ ఒంటరిగా ఉంటాడని నా పాత లైబ్రరీ కార్డు, ఫ్నుని, పక్కన పడుకోబెట్టాను. సొరుగు మూశాను.

నీ లిస్టులో సుబ్బాయమ్మ గారూ, వీరభద్రం గారూ ఇంకా ఉన్నారు కదా. వాళ్ళకి వీడియో తీసేముందు ఏమని పిలవాలో ఒక ఉత్తరం రాసి అడుగు. కాఫీ తర్వాత తాగొచ్చు.

నాగమల్లేశ్వరి వేమూరి